లోపల ఫొటో ఉన్న పాత గాజు పేపర్‌వెయిట్లు: ఆ ఫొటో తీసేసి మన ఇంటి ఫొటో పెట్టుకోవచ్చా?

మోనాంగహేలా_తీరం:

అందరికీ నమస్తే అండి. నేను పిట్స్‌బర్గ్ పక్కన ఉంటాను. శనివారం వస్తే ఎస్టేట్ సేల్స్‌కి వెళ్ళడం నాకు అలవాటు, అంటే ఇక్కడ పెద్దవాళ్ళు పోయాకో ఇల్లు ఖాళీ చేసేటప్పుడో ఇంట్లో సామానంతా రేట్లు అంటించి అమ్మేస్తారు కదా, అదే. ఈమధ్య అలాంటి ఒక ఇంట్లో వంటింటి అలమర కింది అరలో ఒక చెప్పుల డబ్బాలో గాజు పేపర్‌వెయిట్లు దొరికాయి. మన ఆఫీసుల్లో ఫ్యాన్ గాలికి కాగితాలు ఎగరకుండా పెట్టే రంగుపూల గుండ్లు కాదండీ, వీటి లోపల ఫొటోలున్నాయి. మొత్తం ఐదు. డబ్బా మొత్తానికి 40 డాలర్లు అన్నారు, బేరం ఆడకుండా తెచ్చేసుకున్నా.

ఒకటి నలుచదరపు పలక, అందులో పెద్ద భవనం, ముందు చెరువు, కింద సన్న అక్షరాల్లో 1893 చికాగో ఎక్స్‌పొజిషన్ అని ఉంది, అప్పట్లో జరిగిన ప్రపంచ ఎగ్జిబిషన్‌ది అన్నమాట. రెండోది ఏదో ఇనప సామాన్ల కొట్టు వాళ్ళ అడ్వర్టైజ్‌మెంట్, కొట్టు ముందు నలుగురు నిలబడి ఉన్నారు. మూడోది గుండ్రంగా పైకి ఉబ్బి ఉంటుంది, అందులో ఒకావిడ, మెడ దాకా కాలరు, గొంతు దగ్గర బ్రోచ్, కళ్ళు సూటిగా మనవైపే. నాలుగోది కూడా ఉబ్బుదే, ఇద్దరు పిల్లలు అనుకుంటా, నీళ్ళు దిగి సగం బ్రౌన్ అయిపోయింది, మొహాలు తెలియట్లేదు. ఐదోది ఖాళీ, అడుగున గుంట, అందులో ఎండిపోయిన జిగురు మరకలు, అంతే.

ఇప్పుడు అసలు సంగతి. మా అమ్మమ్మా తాతయ్యలవి 1958లో తెనాలిలో స్టూడియోలో తీయించుకున్న పెళ్ళిఫొటో ఒక్కటే ఉంది. అమ్మకి వచ్చే నెల 60 నిండుతాయి. ఆ ఫొటోని ఇలా గాజులో పెట్టి ఇస్తే ఎంత బావుంటుందో అనిపించింది. నా మనసంతా ఆ బ్రోచ్ ఆవిడ ఉన్న దాని మీదే ఉంది, గాజు ఎంత తేటగా ఉందంటే చెప్పలేను. వేణ్ణీళ్ళలో నానబెడితే ఆ ఫొటో ఊడి వస్తుందా? మనది ఏ జిగురుతో అంటించాలి? ఒరిజినల్ పెట్టాలా, కాపీ చాలా? ఇంకోటి, ఇలా తీసేయడం తప్పేమో అని కూడా లోపల ఏదో పీకుతోంది. తెలిసినవాళ్ళు కొంచెం చెప్పండి ప్లీజ్.


గాజుబిళ్ళ:

ఆగండాగండి, ముందు ఆ నీళ్ళ ఆలోచన మానేయండి. వేణ్ణీళ్ళే కాదు చన్నీళ్ళు కూడా వద్దు. నేను న్యూజెర్సీలో ఉంటాను, చాలా ఏళ్ళుగా ఇవే కొంటున్నా, అందుకని కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మొదట అవి ఎలా చేశారో తెలిస్తే మీ ప్రశ్నల్లో సగం అక్కడే తేలిపోతాయి. చూడ్డానికి ఫొటో గాజు మధ్యలో మునిగి ఉన్నట్టు ఉంటుంది గానీ మీ దగ్గరున్నవి అలా కాదు. కరిగిన గాజు వెయ్యి డిగ్రీల దగ్గర ఉంటుంది, అందులో కాగితం పడితే క్షణం కూడా ఆగదు. అందుకని ముందు గాజు దిమ్మ పోసేసి, చల్లారాక, అడుగున ఉన్న గుంటలో ఫొటోని మొహం పైకి వచ్చేలా గాజుకే అంటించి, వెనక ఇంకో కాగితమో ఫెల్టు గుడ్డో కప్పేవాళ్ళు. పై నుంచి చూస్తే గాజు మందం వల్ల ఫొటో పైకి తేలినట్టు కనిపిస్తుంది, ఉబ్బుదైతే భూతద్దం పని కూడా చేస్తుంది కాబట్టి మొహం పెద్దదవుతుంది.

నిజంగా గాజు లోపల బొమ్మ ఉన్నవి వేరే ఉన్నాయి. లండన్‌లో ఆప్స్‌లీ పెల్లాట్ అనే ఆయన 1819లోనే తెల్లటి పింగాణీ మట్టి బొమ్మల్ని గాజులో పొదిగే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు, ఆ తర్వాత ఫ్రాన్స్‌లో బకరా, సెయింట్ లూయీ, క్లిషీ ఫ్యాక్టరీలు 1845 నుంచి ఓ పదిహేనేళ్ళ పాటు చేసిన పేపర్‌వెయిట్లే ఇప్పటికీ అందరికన్నా ఎక్కువ రేటు పలికేవి. మీ ఏరియాకి వస్తే, పిట్స్‌బర్గ్ నుంచి గంటలోపు దూరంలో రోచెస్టర్ అని ఒక ఊరుంది చూడండి, అక్కడి విలియం మాక్స్‌వెల్ 1882లో పేటెంట్ తీసుకున్నాడు, పేరో బొమ్మో దించిన గాజు బిళ్ళని కరిగిన గాజు మధ్యలో పెట్టే పద్ధతి అది. మళ్ళీ 1892లో పిట్స్‌బర్గ్‌లోనే ఆల్బర్ట్ గ్రేజర్ ఇంకో పేటెంట్ తీసుకున్నాడు. ఆ రోజుల్లో అక్కడ గాజు ఫ్యాక్టరీలకి కొదవ లేదు, కొట్లవాళ్ళు, బ్యాంకులవాళ్ళు, హోటళ్ళవాళ్ళు తమ ఫొటో వేయించి ఖాతాదార్లకి పంచేవాళ్ళు. అందుకే మీకు వంటింటి అలమరలో దొరికాయి, అవి పుట్టిన ఊళ్ళోనే ఉన్నాయి పాపం.

మీ చికాగో పలక గురించి ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. 1893లో ఆ ఎక్స్‌పొజిషన్‌తో పాటే సర్వమత మహాసభ జరిగింది, సెప్టెంబర్ 11న వివేకానందుడు మాట్లాడింది అందులోనే. ఆ సభ జరిగిన భవనమే ఇప్పటి ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చికాగో. అదే మ్యూజియంలో ఇప్పుడు ఆర్థర్ రబ్లాఫ్ అనే ఆయన ఇచ్చిన వెయ్యికి పైగా పేపర్‌వెయిట్లు ఉన్నాయి. ఎప్పుడైనా చికాగో వెళ్తే కింది అంతస్తులో చూడండి. అది చూశాక ఇవి మామూలు గాజు ముక్కల్లా అనిపించవు మీకు.

సరే మీ ప్రశ్న. బ్రోచ్ ఆవిడ ఫొటో ఊడదీయొద్దు. తీయలేరు కూడా. ఆ కాలం ఫొటోల్లో బొమ్మ అంతా కాగితం మీద సన్నటి పొరలో ఉంటుంది, కొన్నిట్లో గుడ్డు తెల్లసొన, తర్వాతి వాటిల్లో జెలటిన్. జెలటిన్‌కి తడి తగిలితే ఉబ్బి గాజుకి అతుక్కుపోతుంది. నానబెట్టి లాగితే కాగితం మీ చేతిలోకి వస్తుంది, ఆవిడ మొహం గాజు మీద మిగిలిపోతుంది. అంటే ఫొటో పోతుంది, గాజూ శుభ్రంగా రాదు, రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది. మీ దగ్గర ఖాళీది ఒకటి ఉంది కదండీ, దేవుడిచ్చినట్టు! దాన్ని వాడుకోండి. బాగున్న ఫొటోని కదపకూడదు, ఖాళీ గాజుని ఎంతైనా వాడుకోవచ్చు, నా లెక్క ఇంతే.


రెండుజెళ్ళ_సీత:

నా ఒపీనియన్ వేరు. ఎవరో ముక్కూమొహం తెలియని వాళ్ళ ఫొటో, అదీ ఎప్పుడో పోయిన మనిషిది, ఇంట్లో పెట్టుకోవడం మా ఇళ్ళల్లో అయితే ఒప్పుకోరు. పోయినవాళ్ళ ఫొటో అంటే దండ వేసి దక్షిణం గోడకి పెట్టేది, టేబుల్ మీద కాగితాల మీద పెట్టేది కాదు. మీరు డబ్బులిచ్చి కొన్నారు, వాళ్ళ మనవలే అమ్ముకున్నారు. మీ అమ్మమ్మా తాతయ్యల ఫొటో పెట్టుకుంటే దానికి మళ్ళీ ఒక ఇల్లు దొరికినట్టు అవుతుంది కదా. ఊడకపోతే గీకేయండి, గాజు గాజే.


పాత_నెగటివ్:

సీత గారూ, గీకేయమనొద్దండీ, చేతులెత్తి అడుగుతున్నా. మాది విజయవాడ, నాన్నగారి కాలం నుంచి ఫొటో స్టూడియో, ఇప్పుడు ఎక్కువగా పాత ఫొటోలు బాగుచేయడమే నా పని. మీరు చెప్పిన పట్టింపు మా ఇంట్లో కూడా ఉంది, కాదనను. ఇంట్లో పెట్టుకోవడం ఇష్టం లేకపోతే వేరే వాళ్ళకి ఇవ్వొచ్చు కదా, పాడు చేయడం దేనికి. ఆ ఫొటోకి నెగటివ్ ఎప్పుడో పోయుంటుంది, ఇంకో ప్రింట్ ఉందో లేదో. ఆవిడ మొహం ఈ లోకంలో మిగిలింది ఆ గాజు కిందే కావచ్చు.

ప్రశ్న అడిగిన అమ్మా, మీరు ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఒక పదిరెట్ల లూప్ కొనుక్కోండి, వాచ్ రిపేర్ వాళ్ళు కంటికి పెట్టుకునేది. ఖాళీది తప్ప మిగతా నాలుగింటినీ దాంతో చూడండి. బొమ్మ అంతా చిన్న చిన్న చుక్కలతో ఉంటే అది ప్రెస్‌లో అచ్చు వేసింది, అంటే పేపర్లో ఫొటో లాంటిది. చుక్కలు లేకుండా నీడ నుంచి వెలుగుకి మెత్తగా జారిపోతూ ఉంటే అసలు ఫొటో. చుక్కలున్నంత మాత్రాన డూప్లికేట్ అని కంగారు పడకండి, 1890లకే అచ్చు ఫొటోలు బాగా వచ్చేశాయి, చికాగో పలక అలాంటిది అయ్యే అవకాశం ఉంది. పోర్ట్రెయిట్ మాత్రం అసలు ఫొటోయే అయ్యుంటుంది. లూప్‌లో కాగితం పీచులు కనబడుతూ, రంగు గోధుమ పసుపు మధ్యలో ఉండి, మీద జుట్టు కన్నా సన్న పగుళ్ళు ఉంటే గుడ్డుసొన ప్రింట్. పీచులు కనబడకుండా నున్నగా ఉండి, నల్లటి చోట అంచుల్లో నీలంగా వెండి మెరుపు వస్తుంటే జెలటిన్ ప్రింట్, ఆ మెరుపు లోపలి వెండి పైకి తేలడం వల్ల వస్తుంది, తుడిస్తే పోయేది కాదు.

ఇంకో టెస్టు, చీకటి గదిలో యూవీ టార్చి వేసి చూడండి, 365 నానోమీటర్లది. 1950ల మధ్య నుంచి ఫొటో కాగితంలో తెల్లదనం కోసం ఒక కెమికల్ కలపడం మొదలైంది, అది యూవీ కింద తెల్ల చొక్కా పెళ్ళిలో లైట్ల కింద మెరిసినట్టు నీలంగా వెలుగుతుంది. 1900 నాటిది అని అమ్మినదాంట్లో ఫొటో అలా వెలిగిందంటే ఎవరో తర్వాత మార్చి పెట్టిందన్నమాట. కొనేవాళ్ళకి ఇది చాలా పనికొస్తుంది, ఎందుకంటే పాత ఖాళీ గాజులో కొత్త ప్రింట్ పెట్టి పాతదని అమ్మేవాళ్ళు లేకపోలేదు. వెలగకపోతే పాతదే అని గ్యారంటీ ఏం లేదు, ఆ కెమికల్ లేని కాగితాలు ఇప్పుడూ దొరుకుతాయి.

వెనక ఫెల్టు పీకకండి. టార్చిని పక్క నుంచి, దాదాపు టేబుల్‌కి ఆనించినట్టు పెట్టి వెనక కాగితం మీద వెలుగు వేసి చూడండి, పెన్సిల్‌తో రాసిన అక్షరాలు ఉంటే నొక్కులు తేలి కనబడతాయి. పేరో ఊరో దొరికిందంటే అదృష్టమే.


మోనాంగహేలా_తీరం:

అబ్బ, ఇంత ఓపిగ్గా రాసినందుకు ఇద్దరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. నీళ్ళ దగ్గరికి వెళ్ళలేదు, ప్రామిస్. సీత గారు చెప్పింది కూడా నాకు అర్థమైంది, అమ్మ కూడా ఫోన్లో అదే అంది, ఎవరావిడ, ఎందుకు ఇంట్లో అని.

టార్చి పక్కనుంచి వేసి చూశాను. బ్రోచ్ ఆవిడ దాని వెనక ఆడపేరు ఒకటి, కింద ఊరు, 1911 అని ఉంది! ఊరు ఇక్కడికి దగ్గర్లోదే, పాత స్టీలు ఊరు. చూడగానే ఒళ్ళు జలదరించింది. ఇంక దాన్ని ముట్టుకోను.

ఇప్పుడు రెండు డౌట్లు. ఖాళీ దాంట్లో ఎలా పెట్టాలి? పిల్లల ఫొటో పాడైపోయినదాన్ని ఏం చేయాలి? ఇంకోటి కూడా గమనించా, ఆ పాడైనదాన్ని పైనుంచి చూస్తే మరకలు కనిపిస్తాయి, పక్కనుంచి వంగి చూస్తే అక్కడక్కడ వెండి రేకు అంటించినట్టు తళతళలాడుతోంది. అదేంటి, లోపల నిజంగా రేకు ఉందా?


గాజుబిళ్ళ:

రేకు లేదండీ, అది గాలి. ఫొటో గాజుకి గట్టిగా అంటుకుని ఉన్నంతవరకు ఏ వైపు నుంచి చూసినా ఫొటోనే కనిపిస్తుంది. జిగురు వదిలేసిన చోట గాజుకీ ఫొటోకీ మధ్య సన్నటి గాలి పొర చేరుతుంది. గాజులో నుంచి వెళ్ళే వెలుగు ఆ గాలి పొరని బాగా ఏటవాలుగా, సుమారు 42 డిగ్రీలు దాటి తాకితే బయటికి పోలేక మొత్తం వెనక్కి తిరుగుతుంది, అద్దంలా. అందుకే వెండిలా మెరుస్తుంది. పెల్లాట్ రకం తెల్లమట్టి బొమ్మలు గాజులో వెండి బొమ్మల్లా కనపడేది కూడా మట్టికీ గాజుకీ మధ్య చిక్కుకున్న ఈ గాలి పొర వల్లే. మీరు సేల్‌లో ఇంకోసారి కొనేటప్పుడు ఇదే టెస్టు చేయండి, చేతిలోకి తీసుకుని కంటి ఎత్తులో పెట్టి పక్కనుంచి తిప్పుతూ చూడండి, వెండి మచ్చలు ఎంత మేర ఉంటే జిగురు అంత మేర పోయినట్టు. అమ్మేవాళ్ళు ఆన్‌లైన్లో పెట్టే ఫొటోలన్నీ పైనుంచి తీసినవే ఉంటాయి, పక్కనుంచి తీసింది కూడా పంపమని అడగండి.

మీ ఖాళీదాని విషయానికి కూడా ఇది పనికొస్తుంది. అది పైన చదునుగా ఉండే పలక అయితే జిగురు అవసరమే లేదు, పై నుంచి చూసే వెలుగు అంత ఏటవాలుగా కిందికి చేరదు కాబట్టి ఫొటో ఎప్పుడూ కనిపిస్తుంది, పక్క అంచుల్లోంచి చూస్తేనే అద్దం అవుతుంది. ఉబ్బుదైతే నేరుగా పైనుంచి బాగానే ఉంటుంది, కిందికి వంగి చూస్తే మెరుస్తుంది. నన్నడిగితే దానికి కూడా జిగురు వద్దు. ఆ కాస్త మెరుపుకి సర్దుకుపోవచ్చు, రేపు మీ పిల్లలు దాన్ని తీసి మళ్ళీ వేరే ఫొటో పెట్టుకోవాలంటే సులువుగా ఉంటుంది.

ఖాళీ గాజు కాబట్టి దీన్ని మాత్రం కడగొచ్చు. గోరువెచ్చని నీళ్ళలో ఒక చుక్క గిన్నెలు కడిగే సబ్బు వేసి, సింకులో అడుగున తువ్వాలు పరిచి కడగండి. వేడి నీళ్ళు పోయకండి, మందం గాజు లోపలా బయటా ఒకేసారి వేడెక్కదు, టప్‌మని చీలుతుంది. ఎండిన జిగురు నానాక చెక్క పుల్లతో గీస్తే వస్తుంది, బ్లేడు పెట్టొద్దు. పైన సన్న గీతలుంటే గాజుకి పాలిష్ పెట్టే సీరియం ఆక్సైడ్ పొడి నీళ్ళలో కలిపి ఫెల్టు బిళ్ళతో రుద్దితే తగ్గుతాయి, లోతు గీతలు పోవు. ఇది ఖాళీవాటికే. ఫొటో ఉన్నవాటిని పైపైన మెత్తటి గుడ్డని కొద్దిగా తడిపి తుడవడమే, గ్లాస్ క్లీనర్ స్ప్రే కొట్టారంటే అది అంచుల్లోంచి కిందికి దిగుతుంది.


పాత_నెగటివ్:

నా వంతు చెప్తాను, ప్రింట్ సంగతి. ఒరిజినల్ మాత్రం లోపల పెట్టొద్దమ్మా. 1958 పెళ్ళిఫొటో ఒక్కటే ఉందన్నారు, దాన్ని గాజు కింద గుండ్రంగా కోసి పెట్టడమా! మంచి రిజల్యూషన్‌లో స్కాన్ చేయించి, ఆ ఒరిజినల్ని యాసిడ్ లేని కవర్లో పెట్టి దాచేయండి.

కాపీకి కాటన్ కాగితం మీద పిగ్మెంట్ ఇంకుతో, అంటే సన్నటి రంగు పొడితో చేసే, త్వరగా వెలవని ఇంకుతో ప్రింట్ అడగండి. ల్యాబుల్లో మామూలుగా ఇచ్చే నిగనిగలాడే ఫొటో కాగితం వద్దు, దానికి రెండు పక్కలా ప్లాస్టిక్ పూత ఉంటుంది, గాజు కింద కొంచెం చెమ్మ చేరినా బయటికి పోయే దారి ఉండదు, కొన్నాళ్ళకి గాజుకి పట్టేస్తుంది. బొమ్మని అద్దంలోలా తిప్పి ప్రింట్ చేయాలా అని కొందరు అడుగుతారు, అక్కర్లేదు, మొహం పైకి పెడుతున్నారు కాబట్టి మామూలుగానే ఉండాలి. సైజు కోసం ముందు మామూలు కాగితం మీద మూడు నాలుగు సైజుల్లో జిరాక్స్ తీసి గాజు కింద జరిపి చూడండి. ఉబ్బుదాంట్లో మధ్యలో ఉన్నది పెద్దదవుతుంది, అంచుల్లో ఉన్నది వంకరపోతుంది. కాబట్టి ఇద్దరి మొహాలూ మధ్యలోకి రావాలి. పెళ్ళిఫొటోల్లో పక్కపక్కన నిలబడతారు కదా, నడుము పైకి కత్తిరిస్తే సరిపోతుంది. తలంబ్రాల బాసికం పైన తెగిపోకుండా చూసుకోండి, అమ్మగారు మొదట చూసేది అదే.

తర్వాత ప్రింట్ వెనక గుంట సైజుకి కోసిన యాసిడ్ లేని అట్టముక్క పెట్టి, చుట్టూ సన్నటి జపనీస్ టిష్యూ (పాత కాగితాలు బాగుచేయడానికి వాడే పల్చటి, గట్టి కాగితం) పట్టీలు గోధుమ గంజి జిగురుతో గాజు అడుగు అంచుకి అంటించండి. జిగురు అంచుకే, ఫొటోకి తగలకూడదు. ఇక్కడ మనవాళ్ళకి ఒక హెచ్చరిక, బైండింగ్ వాళ్ళు, పోస్టర్లు అంటించేవాళ్ళు మైదా లయి ఉడికించేటప్పుడు పురుగు పట్టకుండా మైలుతుత్తం వేస్తారు. అది కాపర్ సల్ఫేట్, కాగితాన్ని పెళుసు చేస్తుంది, ఫొటో దగ్గరకి అసలు రానివ్వకూడదు. ఎవరైనా బైండరు దగ్గర జిగురు తెచ్చుకుంటే ముందు రంగు చూడండి, నీలం ఛాయ ఉంటే వద్దు.

పిల్లల ఫొటో గురించి నేను చెప్పేదానికి గాజుబిళ్ళ గారు ఒప్పుకోరేమో. ముందు దాన్ని అన్ని కోణాల్లో ఫొటో తీయండి. స్కానర్ పనికిరాదు, గాజు మందం వల్ల ఫోకస్ అందదు. కెమెరాని స్టాండుకి నేరుగా పైన బిగించి, రెండు లైట్లు రెండు పక్కలా 45 డిగ్రీల్లో పెట్టి, కెమెరా చుట్టూ నల్లగుడ్డ కట్టండి, లేకపోతే లెన్సు నీడ గాజులో కనిపిస్తుంది. ఆ ఫైల్లో నీలం ఛానెల్ ఒక్కటే, అంటే ఫొటో ఎడిటింగ్ యాప్‌లో ఎరుపు, ఆకుపచ్చ వదిలేసి నీలం వెలుగుతో వచ్చిన బొమ్మ మాత్రం తీసి కాంట్రాస్ట్ పెంచితే వెలిసిపోయిన పసుపు బొమ్మలు ఒక్కోసారి ఆశ్చర్యంగా పైకి వస్తాయి, మొహాలు దొరకొచ్చు. అప్పటికీ ఏమీ లేదు, కాగితం దానంతటదే రాలిపోతోంది అంటే, అప్పుడు ఆ గాజు వాడుకోవడంలో తప్పు లేదని నా ఉద్దేశం. రాలినదాన్ని పారేయకుండా ఒక కవర్లో వేసి గాజు వివరాలు రాసి పెట్టండి.


గాజుబిళ్ళ:

మీ నీలం ఛానెల్ చిట్కా బంగారం. కానీ వాడుకోవడం దగ్గర నేను ఒప్పుకోను సార్. పాడైన ఫొటో కూడా ఆ వస్తువు చరిత్రే. ఖాళీవి మార్కెట్లో అతి చవగ్గా దొరుకుతాయి, కలెక్టర్లు ఎవరూ కొనరు వాటిని. ఐదు డాలర్ల గాజు కోసం ఉన్నదాన్ని ఖాళీ చేయడం ఎందుకు, ఇంకో శనివారం ఆగితే ఖాళీదే దొరుకుతుంది. పేరు దొరికిన ఆవిడ విషయంలో మాత్రం మీ ఊళ్ళో హైంజ్ హిస్టరీ సెంటర్ అనే చరిత్ర మ్యూజియం ఉంది, వాళ్ళకి గాజు మీద మంచి కలెక్షన్ కూడా ఉంది, ఒక మెయిల్ కొట్టండి. లేదా ఆ స్టీలు ఊరి కౌంటీ హిస్టారికల్ సొసైటీకి రాయండి. వాళ్ళు వంశవృక్షాలు చూసేవాళ్ళతో రోజూ మాట్లాడుతుంటారు, ఆవిడ వాళ్ళు ఎవరైనా ఉంటే తెలుస్తుంది.


గోదారి_గట్టు:

మంచి టైంలో కనపడింది ఈ చర్చ. మాది కాకినాడ. మా ముత్తాతగారు రంగూన్‌లో ఉండేవారు, అక్కడ స్టూడియోలో తీయించుకున్న ఫొటోని ఇలాగే గాజు పలకలో పెట్టించి తెచ్చారట, తలపాగా, కోటు, చేతికర్రతో ఉంటారు. ఇంట్లో బీరువాలో నాఫ్తలీన్ ఉండలు వేసిన చీరల మధ్య ఉండేది, ఇప్పుడు చూస్తే లోపల నల్లటి చుక్కలు వస్తున్నాయి. అన్నయ్య డల్లాస్‌లో ఉన్నాడు, తనకి పంపించేయమంటున్నాడు. పంపొచ్చా? చుక్కలు ఆగాలంటే ఏం చేయాలి?


పాత_నెగటివ్:

గోదారి గట్టు గారూ, చుక్కలు బూజే అయ్యుంటాయి, కాకినాడ గాలిలో చెమ్మకి జెలటిన్ మీద బూజు పట్టడం మామూలే. నాఫ్తలీన్ నుంచి ముందు బయటికి తీయండి, ఆ ఆవిరి ఫొటోలకి మంచిది కాదు. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ సంచులు వేసి, లోపల చెమ్మ చూపించే చిన్న డయల్ మీటర్ ఒకటి పెట్టి, 30 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. సిలికా జెల్ రంగు మారినప్పుడు ఎండబెట్టి మళ్ళీ వేయండి. పెరగడం ఆగుతుంది, ఉన్న చుక్కలు పోవు, వాటిని తుడవాలని చూడొద్దు.

పంపడం విషయంలో జాగ్రత్త. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన పురావస్తువుల్ని మామూలు మనుషులు దేశం బయటికి పంపకూడదు. మీ ముత్తాతగారి కాలం అంటే నూరేళ్ళకి అటూ ఇటూ ఉంటుంది. కొరియర్‌లో వేసేముందు ఆర్కియలాజికల్ సర్వే వాళ్ళకి చూపించి, పురావస్తువు కాదని సర్టిఫికెట్ తీసుకోండి. లేకపోతే కస్టమ్స్‌లో ఆగిపోతుంది, అప్పుడు దాన్ని విడిపించుకోవడానికి తిరగలేరు. అన్నయ్యకి ప్రస్తుతానికి మంచి కెమెరా కాపీ పంపండి, అదే గాజుబిళ్ళ గారు చెప్పిన ఖాళీ గాజు అక్కడే కొనుక్కుని అందులో పెట్టుకుంటారు.


రెండుజెళ్ళ_సీత:

పేరు, ఊరు బయటపడ్డాక నేను గీకేయమన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. ఇంట్లో పెట్టుకోవడం దగ్గర మాత్రం నా మాట నాదే. ఆవిడవాళ్ళు దొరికితే ఇక్కడ రాయండి, తెలుసుకోవాలనుంది.


మోనాంగహేలా_తీరం:

హిస్టారికల్ సొసైటీకి మెయిల్ పెట్టాను, ఆవిడ ఫొటో, వెనక రాత రెండూ జతచేసి. పిల్లలదాన్ని కదపట్లేదు, కెమెరాతో తీసి నీలం ఛానెల్ చూస్తే పెద్దబ్బాయి టోపీ, చిన్నపాప చేతిలో బొమ్మ వచ్చాయి, మొహాలు ఇంకా రాలేదు, మళ్ళీ లైట్లు మార్చి చూస్తా.

ఖాళీ గాజు కడిగాను, జిగురంతా పోయింది. అది ఉబ్బుదే. జిరాక్సులు జరిపి చూస్తే 4.5 సెంటీమీటర్ల వెడల్పు సరిగ్గా సరిపోయింది, తాతయ్య మీసం, అమ్మమ్మ ముక్కుపుడక చక్కగా పైకి వచ్చి కనపడుతున్నాయి. ప్రింట్ గుంట అంచు దాకా ఉండాలా, కొంచెం లోపలికి కోయాలా? ఇంకా ఇది ఇచ్చాక అమ్మ కిటికీ పక్కన దేవుడి గూట్లో పెడతానంటోంది, పర్వాలేదా?


గాజుబిళ్ళ:

చుట్టూ 1 మిల్లీమీటరు లోపలికి కోయండి. కాగితం చెమ్మకి కొద్దిగా సాగుతుంది, అంచుకి ఆనేలా ఉంటే మధ్యలో లేచి ముడత పడుతుంది. కోసేటప్పుడు కత్తెర కాదు, గుంట సైజుకి ప్లాస్టిక్ నమూనా చేసుకుని కొత్త బ్లేడుతో ఒక్క చుట్టులో తిప్పండి.

దేవుడి గూడు ఓకే గానీ ఎండ నేరుగా పడే కిటికీ పక్కన మాత్రం వద్దని గట్టిగా చెప్పండి. ఉబ్బు గాజు ఎండని ఒక చోటికి కూడదీస్తుంది, ఫొటో ఆ మేర వెలిసిపోతుంది, గుండ్రటివాటితో అయితే పక్కనున్న గుడ్డలూ కాగితాలూ అంటుకునే ప్రమాదం కూడా ఉంది. దీపం దగ్గర కూడా పెట్టొద్దు, గాజు ఒక పక్క వేడెక్కి చీలుతుంది, నూనె జిడ్డు అడుగు అంచుల్లోకి దిగుతుంది. గూట్లోనే ఎండ తగలని పై అర ఉంటే అక్కడ పెట్టమనండి. అడుగున ఫెల్టు బదులు నూలు గుడ్డ ముక్క వేయండి, ఉన్ని ఫెల్టులో గంధకం ఉంటుంది, అది వెండి ఫొటోలకి పడదు. మీది ఇంకు ప్రింటే అయినా తర్వాత ఎవరైనా అందులో అసలు ఫొటో పెట్టొచ్చు కదా.